నాలుగు అంగళ్ల వ్యాపారానికి ఏ క్లౌడ్ సరిపోతుంది? ముగ్గురు మూడు మాటలు చెబుతున్నారు

హంద్రీ_తీరం
మాది కర్నూలులో విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల టోకు వ్యాపారం. ఆదోని, ఎమ్మిగనూరు, నంద్యాలలో ఒక్కో శాఖ ఉంది. గోదాము పక్క గదిలో తొమ్మిదేళ్ల నాటి సర్వర్ ఉంది. ట్యాలీ ఖాతాలు, డీలర్లు ఆర్డర్లు పెట్టుకునే వెబ్ అప్లికేషన్, సిబ్బంది హాజరు-జీతాల ప్యాకేజీ, ఈ మూడూ దాని మీదే నడుస్తాయి. మొన్న జూన్‌లో విత్తనాల అమ్మకం జోరు మీదున్నప్పుడు దాని ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటు అందించే భాగం) కాలిపోయి, రెండు రోజులు నాలుగు అంగళ్లలోనూ చేతితో బిల్లులు రాయవలసి వచ్చింది. వాటిని తిరిగి ఎక్కించడానికి ఇంకో వారం పట్టింది.

"ఇక ఆ డబ్బా నా కంట పడకూడదు, క్లౌడ్‌లో పెట్టేయండి" అని మా నాన్న తేల్చేశారు. క్లౌడ్ అంటే ఇంటర్నెట్ ద్వారా వేరొకరి యంత్రాలను అద్దెకు వాడుకోవడం. ముగ్గురిని అడిగాను. బెంగళూరు నుంచి వచ్చినాయన మూడింటినీ పబ్లిక్ క్లౌడ్‌లోకి మార్చమన్నాడు. హైదరాబాదు సంస్థ ఒకటి, డేటా భద్రంగా ఉండాలంటే ప్రైవేట్ క్లౌడే దిక్కని చెప్పి దానికి మూడింతల ధర వేసింది. ఇక్కడి సాఫ్ట్‌వేర్ డీలరు అసలు సర్వర్ ఊసే వద్దు, అన్నీ సాస్‌లో, అంటే చందా కట్టి ఇంటర్నెట్‌లో వాడుకునే సాఫ్ట్‌వేర్‌గా, తీసుకోండి అంటున్నాడు. మాలాంటి వ్యాపారానికి ఏది తగునో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

ఉగ్గాని_బజ్జి
సాస్ అనగానే నాకు సాయంత్రం బండి దగ్గరి మిరపకాయ బజ్జి గుర్తొచ్చింది. తెలిసినవారు చెప్పండి, నేను ఒక మూల కూర్చుని వింటాను.

టవర్‌క్లాక్_నీడ
నాది అనంతపురం, పదేళ్లుగా బెంగళూరులో ఈ పనే చేస్తున్నాను. ఆ ముగ్గురూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పలేదన్నా, తికమకంతా అక్కడే ఉంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2011లో ఇచ్చిన క్లౌడ్ నిర్వచనం ఇందులోని రెండు ప్రశ్నలను విడదీసి చూపుతుంది. యంత్రాలను ఎవరెవరు పంచుకుంటారన్నది మొదటిది. పబ్లిక్ (ఎవరైనా అద్దెకు తీసుకుని పంచుకునేది), ప్రైవేట్ (ఒక్క సంస్థకే విడిగా పెట్టింది), కమ్యూనిటీ (ఒకే అవసరమున్న కొన్ని సంస్థలది), హైబ్రిడ్ (వీటి కలయిక) అన్నవి దానికి జవాబులు. పనిలో ఎంత మనది, ఎంత వాళ్లది అన్నది రెండోది. ఐఏఏఎస్ (యంత్రం మాత్రమే అద్దెకు), పాస్ (మన అప్లికేషన్‌ను నడిపే ఏర్పాటు కూడా వాళ్లదే), సాస్ (సాఫ్ట్‌వేరే వాళ్లది) అన్నవి దానికి జవాబులు.

రెండోదాన్ని పెళ్లి భోజనాలతో పోల్చుకోండి. మీ సర్వర్ గది అంటే సొంత ఇంట్లో సొంత పొయ్యి మీద వండించడం. ఐఏఏఎస్ అంటే కల్యాణమండపం వాళ్లు పొయ్యిలు, గుండిగలు ఇస్తారు, వంటవాళ్లూ సరుకులూ మీవే. అన్నం మాడితే మండపం వాళ్లను అడగడానికి లేదు. పాస్ అంటే వంటవాళ్లు కూడా వాళ్లే, సరుకులు, ఏం వండాలన్నది మాత్రం మీరు ఇస్తారు. ఇక సాస్ అంటే హోటల్లో కూర్చుని ఆకుకింత అని కట్టి తినడం. వాళ్ల పప్పులో ఉప్పు తగ్గితే మీరు వంటింట్లోకి వెళ్లలేరు.

మీకున్నవి మూడు అప్లికేషన్లు. మూడింటికీ ఒకే జవాబు ఉండాలని ఎక్కడా లేదు. ఒక్కొక్కదానికి అర్ధరాత్రి ఏదైనా అయితే ఎవరు లేచి చూస్తారో చెప్పండి, సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

సర్వర్_గది
నేను ఒప్పుకోను. కాలిపోయింది ఎస్‌ఎంపీఎస్. దానికి మందు ఇంకో ఎస్‌ఎంపీఎస్ కొని అల్మారాలో పెట్టుకోవడం. అదనపు డిస్కు, మంచి యూపీఎస్, ఏటా బ్యాటరీ మార్పు, ఇవి ఉంటే ఆ సర్వర్ ఇంకా నడుస్తుంది. క్లౌడ్‌లోకి వెళ్లిన పెద్ద కంపెనీలే వెనక్కి వస్తున్నాయి. బేస్‌క్యాంప్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసే 37సిగ్నల్స్ సంస్థ 2022లో బహిరంగంగా ప్రకటించి మరీ సొంత యంత్రాలకు మారింది. ప్రతి నెలా అద్దె కట్టడం కంటే సొంత ఇల్లు మేలన్నది మన పెద్దల మాటే కదా.

టవర్‌క్లాక్_నీడ
37సిగ్నల్స్ దగ్గర సర్వర్లు చూసుకోవడానికి జీతమిచ్చి పెట్టుకున్న నిపుణుల బృందం ఉంది. హంద్రీ అన్న దగ్గర ఎవరున్నారు?

హంద్రీ_తీరం
నేనే. నాకు కుదరనప్పుడు గోదాములో ఉండే కుర్రవాడు స్విచ్ ఆపి మళ్లీ వేస్తాడు.

బురుజు_పక్కవీధి
సర్వర్_గది గారూ, మీరు ఎస్‌ఎంపీఎస్ దగ్గరే ఆగిపోయారు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలు మునిగినప్పుడు మా అంగడి పాతబస్తీలోనే ఉంది. నీళ్లు తగ్గాక తలుపు తీస్తే మోకాటి లోతు బురద, అందులో సీపీయూ, యూపీఎస్, మీరు చెప్పినట్టు అల్మారాలో జాగ్రత్తగా దాచిన అదనపు డిస్కు, ఎర్ర బట్ట చుట్టిన పాత ఖాతా పుస్తకాలు అన్నీ ఒకే ముద్దగా ఉన్నాయి. ఎవరు మాకెంత బాకీ ఉన్నారో వాళ్లే నిజాయితీగా వచ్చి చెప్పవలసి వచ్చింది. కొందరు చెప్పారు. పేరులోనే హంద్రీ తీరం అని పెట్టుకున్నాయన నదికి ఎంత దూరంలో సర్వర్ పెట్టారో ముందు చూసుకోవాలి.

సర్వర్_గది
ఆ మాట ఒప్పుకుంటాను. అయితే అది డేటా ప్రతిని వేరే ఊళ్లో పెట్టుకోవడం గురించి, అప్లికేషన్‌ను మార్చడం గురించి కాదు. రోజూ రాత్రి బ్యాకప్‌ను క్లౌడ్ స్టోరేజీకి పంపితే వరద భయం తీరుతుంది, దానికి నెలకు కాఫీ డబ్బులు చాలు.

టవర్‌క్లాక్_నీడ
ఇక్కడ మీతో ఏకీభవిస్తున్నాను, ఒక మాట చేర్చి. క్లౌడ్‌లోకి వెళ్లినంత మాత్రాన బ్యాకప్ దానంతట అది ఉంటుందనుకోవడం పొరపాటు. 2021 మార్చిలో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ తగలబడినప్పుడు, అసలూ నకలూ ఒకే చోట ఉంచుకున్నవారు రెండూ పోగొట్టుకున్నారు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట అన్న పాత సూత్రం క్లౌడ్‌కూ వర్తిస్తుంది.

పొద్దుటూరు_పసిడి
మా అనుభవం రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మాది నగల అంగడి. మూడేళ్ల క్రితం ఒక సంస్థ దగ్గర విండోస్ సర్వర్ అద్దెకు తీసుకుని ట్యాలీ అందులో పెట్టాము. ఇంటి నుంచి, అంగడి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో (దూరం నుంచే ఆ యంత్రం తెరను వాడుకునే పద్ధతి) ఎక్కేవాళ్లం. హాయిగా ఉందనుకున్నాం. ఒక సోమవారం ఉదయం చూస్తే ఫైళ్ల పేర్లన్నీ మారిపోయి, డబ్బు పంపితే తాళం తీస్తామని ఇంగ్లీషులో ఒక చీటీ ఉంది. రిమోట్ డెస్క్‌టాప్‌కు వాకిలి లాంటి 3389 పోర్టు లోకమంతటికీ తెరిచి ఉంది, పాస్‌వర్డు మా అంగడి పేరు, పక్కన 123. బ్యాకప్ కూడా అదే యంత్రంలో డి డ్రైవులో ఉండేది, దానికీ తాళం పడింది.

ఆ సంస్థకు ఫోన్ చేస్తే "మేము యంత్రం ఇచ్చాం, లోపల ఏం పెట్టుకున్నారో మీ బాధ్యత" అన్నారు. కోపం వచ్చింది గానీ ఒప్పందం తీసి చదివితే అలాగే రాసి ఉంది. పైన మండపం పోలిక చెప్పారే, అన్నం మాడితే అడగడానికి లేదని, మాకు అది గుండిగతో సహా మాడింది. ఏడాదిన్నర ఖాతాలు కాగితాలు చూసి మళ్లీ రాశాము.

హంద్రీ_తీరం
ఇది చదివాక చెమటలు పట్టాయి. మా మూడు శాఖలవాళ్లూ కర్నూలు సర్వర్‌కు రిమోట్ డెస్క్‌టాప్ తోనే వస్తారు. రౌటర్‌లో ఆ పోర్టును తెరిచే ఉంచినట్టున్నాను.

టవర్‌క్లాక్_నీడ
క్లౌడ్ సంగతి రేపు చూద్దాం, ఆ పోర్టును ఈ రాత్రే మూసేయండి. శాఖలకు వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా మనవాళ్లకే ఉండే రహస్య దారి) పెట్టి, దాని ద్వారానే రానివ్వండి. అందరికీ వేర్వేరు పాస్‌వర్డులు, వీలైతే ఓటీపీ కూడా పెట్టండి.

లెక్కల_లలితమ్మ
కడపలో ఆడిటింగ్ చేస్తాను, ఎవరూ అడగని కోణం నుంచి చెబుతాను. మీది భాగస్వామ్య సంస్థా, ప్రైవేట్ లిమిటెడా? కంపెనీ అయితే ఖాతాలు ఎలక్ట్రానిక్‌గా ఉంచేటప్పుడు వాటి బ్యాకప్ ప్రతిరోజూ భారతదేశంలో ఉన్న సర్వర్‌లో ఉండాలని 2022లో నిబంధన మార్చారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఖాతాల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి దిద్దుబాటూ నమోదయ్యే సౌకర్యం ఉండాలి, దాన్ని ఆపివేయడానికి వీలుండకూడదు. ఎంత చౌకగా వచ్చినా సింగపూర్ సర్వర్‌లో మాత్రమే పెట్టుకుంటామంటే కుదరదు.

రెండోది, కంపెనీ ఖాతాలు ఎనిమిదేళ్లు ఉంచాలి; జీఎస్‌టీ రికార్డులు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. సాస్ తీసుకుని మూడేళ్లకు మానేస్తే ఆ పాత డేటా ఏ రూపంలో చేతికొస్తుందో ముందే రాయించుకోండి. నా దగ్గరికి వచ్చే ఒక వస్త్ర వ్యాపారికి చందా ఆపిన నెలకే లాగిన్ పోయింది, మిగిలింది పీడీఎఫ్‌ల కట్ట మాత్రమే. పీడీఎఫ్ నుంచి లెడ్జరు తిరిగి కట్టడమంటే అప్పడం నుంచి మినుములు ఏరడమే.

హంద్రీ_తీరం
ఇప్పటికి భాగస్వామ్య సంస్థే లలితమ్మ గారూ, వచ్చే ఏడు కంపెనీగా మార్చాలనుకుంటున్నాం. ఇది ఎవరూ చెప్పలేదు.

తాడిపత్రి_బండ
అందరూ సర్వర్ గురించే మాట్లాడుతున్నారు, నెట్ గురించి ఎవరూ మాట్లాడరేం? మాకు తాడిపత్రిలో బండల పాలిషింగ్ ఫ్యాక్టరీ ఉంది. బిల్లింగ్ అంతా సాస్‌లో పెట్టాం. రోడ్డు వెడల్పు చేస్తూ జేసీబీ ఫైబర్‌ను తెంపితే ఒక రోజంతా బిల్లు లేదు, గేటు దగ్గర ఆరు లారీలు. అమెరికాలో సర్వర్ పడిపోయిందంటే అదొక వార్త, మా ఊరి జేసీబీ వార్తల్లోకి కూడా రాదు.

సర్వర్_గది
చూశారా! నేను చెప్పేది ఇదే.

తాడిపత్రి_బండ
తొందరపడకండి సార్. సర్వర్ సొంతమైనా 50,000 రూపాయలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు కావాలి, ఏడాది టర్నోవరు 5 కోట్లు దాటినవారికి 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్‌వాయిస్ కావాలి, వీటికి నెట్ లేకుండా దారి లేదు. కాబట్టి నెట్ తెగితే సొంత సర్వర్ ఉన్నా లారీ కదలదు. మేము చేసిందల్లా రెండో కనెక్షన్ వేరే సంస్థ నుంచి, వేరే దారిలో వచ్చేది తీసుకుని, దానికి తోడు ఒక 4జీ రౌటర్ పెట్టడం. రెండు కనెక్షన్లూ ఒకే స్తంభం మీదుగా వస్తే అవి రెండు కావు, ఆ సంగతి ఎక్కి చూసుకోవాలి.

ఉగ్గాని_బజ్జి
స్తంభం ఎక్కి చూడమని చెప్పిన మొదటి క్లౌడ్ నిపుణుడు ఈయనే.

పెన్నా_గట్టు
మాది కడప దగ్గర ఒక కళాశాల నిర్వహణ. మాకు పబ్లిక్ క్లౌడ్ బాగా కలిసొచ్చింది, ఎందుకో చెబుతాను. ఏడాదిలో 360 రోజులు మా సైటును చూసేవారు ఉండరు, ఫలితాలు వచ్చిన రోజు వేల మంది ఒకేసారి పడతారు. ఆ రెండు రోజులకు యంత్రాలు పెంచుకుని తర్వాత తగ్గించుకుంటాం. అయితే మొదటి ఏడాది తగ్గించడం మరిచిపోయాం. ఆ నెల బిల్లు చూసి మా ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచిన తీరు ఇక్కడ రాయను.

హంద్రీ_తీరం
మాకూ జూన్, జూలైలో రద్దీ ఉంటుంది. అయితే రోజుకు 40 ఆర్డర్లు వచ్చేచోట 150 వస్తాయి, అంతే.

పెన్నా_గట్టు
దానికి యంత్రాలు పెంచే ఏర్పాటే అక్కరలేదు, చిన్న యంత్రమే మోస్తుంది. ఆ పేరు మీద ఎవరైనా ఎక్కువ ధర చెబితే ఇవ్వకండి.

టవర్‌క్లాక్_నీడ
బిల్లు సంగతి వచ్చింది గనుక విడమరిచి రాస్తాను, ఎందుకంటే కొటేషన్‌లో మొదటి పేజీలో కనబడే అంకె ఎప్పుడూ చివరి అంకె కాదు. యంత్రానికి గంటకింత అని లెక్క, నెలంతా నడిస్తే సుమారు 730 గంటలు. రాత్రి ఆపేస్తే యంత్రం అద్దె ఆగుతుంది గాని డిస్కు అద్దె ఆగదు. డేటా లోపలికి వేయడం సాధారణంగా ఉచితం, బయటికి తీయడానికి రుసుము. 2024లో గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ మూడూ తమను పూర్తిగా వదిలి వెళ్లేవారికి ఈ రుసుము తీసేస్తామని ప్రకటించాయి, రోజువారీ వాడకానికి మాత్రం అది ఉంది. విండోస్ లైసెన్సు వేరు, రిమోట్‌గా ఎక్కే ఒక్కొక్క మనిషికీ లైసెన్సు వేరు. అన్నిటి మీదా 18 శాతం జీఎస్‌టీ, అది మీకు క్రెడిట్‌గా వస్తుంది. కార్డు మీద నెలనెలా కట్టేలా పెడితే, 15,000 దాటిన మొత్తానికి రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం ప్రతిసారీ ఓటీపీ కావాలి. ఆ సందేశం గమనించక సర్వీసు ఆగిపోయినవారిని చూశాను.

ఏడాదికో మూడేళ్లకో మాట ఇస్తే ధర బాగా తగ్గిస్తారు. మొదటి ఆరు నెలలు ఆ ఒప్పందం చేసుకోవద్దు. మీకు ఎంత యంత్రం కావాలో మీకే తెలియకముందు మూడేళ్ల మాట ఎందుకు?

ఏడురోడ్ల_మలుపు
ఆ హైదరాబాదు సంస్థ ప్రైవేట్ క్లౌడ్ అని చెప్పినదాని గురించి ఎవరూ మాట్లాడలేదు. మీకోసమే విడిగా పెట్టిన యంత్రమా, లేక అందరూ పంచుకునే యంత్రంలో ఒక ముక్కా అని రాతపూర్వకంగా అడగండి. మాకు ఒకరు అదే పేరు మీద మామూలు వీపీఎస్ (పంచుకునే యంత్రంలో ఒక ముక్క) అంటగట్టబోయారు. నిజమైన ప్రైవేట్ క్లౌడ్ అంటే పదుల కొద్దీ యంత్రాలు, వాటిని చూసే మనుషులు ఉన్న సంస్థలకు తగినది. ప్రభుత్వ శాఖలకు పని చేసేవారికి మైటీ (కేంద్ర ఐటీ మంత్రిత్వ శాఖ) తన జాబితాలో చేర్చిన క్లౌడ్ కావాలని టెండర్లలోనే ఉంటుంది, అక్కడ ఎంపిక మన చేతిలో ఉండదు. ఎరువుల అంగడికి అది ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఎస్‌ఎల్‌ఏ, అంటే సేవ ఎంత శాతం సమయం నడుస్తుందన్న హామీ పత్రం కూడా చదవండి. 99.9 శాతం అంటే నెలకు 43 నిమిషాలు ఆగవచ్చు, 99.5 అంటే మూడున్నర గంటలకు పైగా. అది దాటితే ఇచ్చేది బిల్లులో కొంత తగ్గింపు మాత్రమే, ఆ రోజు పోయిన వ్యాపారం కాదు.

సర్వర్_గది
చివరికి నేను చెప్పిన దగ్గరికే అందరూ వస్తున్నారని నా అభిప్రాయం.

టవర్‌క్లాక్_నీడ
రావడం లేదు. నాలుగు ఊళ్ల నుంచి వాడే ట్యాలీ కర్నూలు గోదాములో ఉంటే, కర్నూలులో కరెంటు పోయినప్పుడల్లా ఆదోని కూడా ఆగుతుంది. డేటా సెంటర్‌లో ఉంటే ఆగేది ఒక్క కర్నూలే. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతం (అక్కడి డేటా సెంటర్ల సముదాయం) తెరిచింది, ముంబయి 2016 నుంచి ఉంది, దూరం కూడా ఇక సమస్య కాదు.

హంద్రీ అన్నా, ఆ డీలర్ల అప్లికేషన్ ఏ పీహెచ్‌పీ (వెబ్ అప్లికేషన్లు రాసే భాష) వెర్షన్ మీద ఉంది? కోడ్ ఎవరి దగ్గర ఉంది?

హంద్రీ_తీరం
ఇప్పుడే చూశాను, 5.6 అని ఉంది. కోడ్ ఆ సర్వర్‌లో మాత్రమే ఉంది. రాసిచ్చిన కుర్రవాడు ఇప్పుడు పుణెలో ఉద్యోగంలో ఉన్నాడు.

టవర్‌క్లాక్_నీడ
5.6కు భద్రతా సవరణలు 2018 డిసెంబరుతో ఆగిపోయాయి. పాస్ సేవల్లో చాలావరకు దాన్ని తీసుకోవు. ఉన్నదాన్ని ఉన్నట్టు అద్దె యంత్రంలోకి ఎత్తిపెడితే నడుస్తుంది గాని, గోదాములో గోడల మధ్య ఉన్న ప్రమాదాన్ని నడివీధిలో పెట్టినట్టవుతుంది. ముందు కోడ్ ప్రతి తీసి దాచండి, తర్వాత ఆ కుర్రవాడికి డబ్బిచ్చి కొత్త వెర్షన్‌కు మార్పించండి, ఆ తర్వాతే ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న. మొదటి కొటేషన్ ఇచ్చినాయన ఈ ప్రశ్న అడిగాడా?

హంద్రీ_తీరం
అడగలేదు. ముగ్గురిలో ఎవరూ అడగలేదు.

అందరి మాటలూ మా నాన్నకు చదివి వినిపించాను. ఇలా అనుకున్నాం. హాజరు, జీతాలు సాస్‌కు మార్చేస్తాం, దానికి నెలకోసారి ఎక్సెల్‌లో డేటా తీసుకునే వీలుందో లేదో ముందు చూస్తాం. డీలర్ల అప్లికేషన్‌ను కొత్త పీహెచ్‌పీకి మార్చాక పబ్లిక్ క్లౌడ్‌లో పాస్ మీద, హైదరాబాదు గాని ముంబయి గాని ప్రాంతంలో పెడతాం. ట్యాలీ విషయంలో సర్వర్_గది గారికీ టవర్‌క్లాక్ గారికీ కుదరనట్టే మా ఇంట్లోనూ కుదరలేదు. ఈ ఖరీఫ్ దాటేవరకు గోదాములోనే వీపీఎన్ వెనక ఉంచి, సంక్రాంతి తర్వాత ఒక నెల అద్దె సర్వర్‌లో నడిపి చూస్తాం. ఎరువుల అమ్మకాలు నమోదు చేసే పాస్ (పీఓఎస్) మిషన్లు ప్రభుత్వ వ్యవస్థవి గనుక వాటి జోలికి పోము. నెట్ రెండో లైను ఏ స్తంభం మీదుగా వస్తుందో చూడమని ఆదోనివాళ్లకు చెప్పాను.

ఉగ్గాని_బజ్జి
ఒక పాస్ ఎరువులమ్మే మిషను, ఇంకో పాస్ క్లౌడు. ఇద్దరూ ఒకే పేరుతో ఉంటే రేషన్ కార్డు ఎవరికి ఇస్తారు?

లెక్కల_లలితమ్మ
ఏది ఎక్కడ పెట్టినా, మార్చే ముందు మీ దగ్గరున్న బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి చూడండి. తీసుకున్నామని అందరూ చెబుతారు, తెరిచి చూసినవారు తక్కువ.

హంద్రీ_తీరం
ఈ ఆదివారం పాత ల్యాప్‌టాప్‌లో తెరిచి చూశాను. రోజూ రాత్రి పదకొండింటికి బ్యాకప్ ఫైలు తయారవుతోంది, తేదీలు వరుసగా ఉన్నాయి. జూన్‌లో ఎస్‌ఎంపీఎస్ మార్చిన రోజు నుంచి ఇప్పటివరకు ఉన్న ఫైళ్లన్నీ సున్నా కేబీ. రిపేరు చేసినాయన డ్రైవు అక్షరం మార్చినట్టున్నాడు.

సర్వర్_గది
క్లౌడూ వద్దు, వాదనలూ వద్దు. అంగళ్లు మూసేలోపు బయటికెళ్లి ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు కొనుక్కురండి.

హంద్రీ_తీరం
రాజ్‌విహార్ సెంటర్‌లోనే ఉన్నాను సార్. ఒకటి టీబీదా, రెండు టీబీదా?

బురుజు_పక్కవీధి
రెండు డిస్కులు కొనండి. ఒకటి ఆదోనికి పంపించండి.